సూర్యలంక ఇసుకపై నల్లగొండ పెండ్లి: ఒక ఏర్పాటు కథనం

నల్లగొండ పట్టణానికి చెందిన ఒక కుటుంబం తమ పెద్దమ్మాయి పెండ్లిని సముద్రపు ఒడ్డున చేయాలని నిర్ణయించుకుని మా దగ్గరకు వచ్చినప్పుడు, వారి చేతిలో ముప్పై నలభై ఫోటోలు ఉన్నాయి గానీ పెండ్లి తిథి లేదు. తెల్లని పరదాలు, పూల ద్వారం, వధూవరుల వెనుక నీలి సముద్రం, ఇవన్నీ ఆ ఫోటోల్లో ఉన్నాయి. గాలి ఎటు వీస్తుందో, నీరు ఎక్కడిదాకా వస్తుందో ఏ ఫోటోలోనూ కనబడదు. పద్నాలుగేళ్లుగా నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ ప్రాంతాల్లో పెండ్లి ఏర్పాట్లు చేస్తున్న నేను ఫంక్షన్ హాళ్లకు, పొలాల్లో వేసే పందిళ్లకు అలవాటు పడ్డవాణ్ణి. తీరంలో నాకిది మూడో పెండ్లి మాత్రమే. మొదటి రెండింటిలో చేసిన తప్పుల వల్ల ఒక సంగతి నాకు గట్టిగా తెలిసింది. తీరంలో పెండ్లి అంటే ముందుగా కాలాల లెక్క తేల్చుకోవాలి, అలంకరణ ఆ తర్వాతి మాట. ముహూర్తానికి ఒక గడియారం, సముద్రపు పోటుకు ఒక గడియారం, గాలికి మరొకటి ఉంటాయి. ఈ మూడూ ఎక్కడ కలుస్తాయో తేల్చుకున్నాకే పూల గురించి మాట్లాడాలి.

తెలంగాణకు సముద్రతీరం లేదు. నల్లగొండ నుండి మిర్యాలగూడ, వాడపల్లి, పిడుగురాళ్ల, గుంటూరు, పొన్నూరు మీదుగా బాపట్ల చేరితే, అక్కడికి సుమారు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో సూర్యలంక తీరం ఉంటుంది. మొత్తం ప్రయాణం రెండు వందల ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటుగా తేలుతుంది. గోవా, విశాఖపట్నం పేర్లు కూడా చర్చకు వచ్చాయి గానీ, డెబ్భై ఎనిమిదేళ్ల నాయనమ్మను బస్సులో కూర్చోబెట్టి ఒక పూటలో చేర్చగలిగే తీరం ఇదొక్కటే కాబట్టి ఆ చర్చ ఎక్కువసేపు సాగలేదు. వరుడి కుటుంబానిది మహబూబ్‌నగర్ జిల్లా. వారి బస్సులు జడ్చర్ల, కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా దారిలో వచ్చి మిర్యాలగూడ దగ్గర మా బస్సులతో కలవాలని నిర్ణయించాము. రాష్ట్రం దాటే అద్దె బస్సులకు ప్రత్యేక పర్మిట్, ఆంధ్రప్రదేశ్‌లో పన్ను చెల్లింపు అవసరం కాబట్టి ఆ కాగితాలను పది రోజుల ముందే తీసుకున్నాము.

నెల ఎంపిక

పురోహితుడు ఇద్దరి జాతకాలు చూసి కార్తీకం, మాఘం, వైశాఖం అని మూడు మాసాల్లో ముహూర్తాలు ఇచ్చారు. కుటుంబం కార్తీకం వైపు మొగ్గింది. సెలవులు కలిసి వస్తాయి, చలి కూడా అంతగా ఉండదు అన్నది వారి ఆలోచన. నేను ఒప్పుకోలేదు. బంగాళాఖాతంలో తుపానుల కాలం రెండు విడతలుగా వస్తుంది. వానాకాలానికి ముందు ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి, తర్వాత అక్టోబరు నుండి డిసెంబరు దాకా మరింత తీవ్రంగా ఇంకొకసారి వస్తుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. అది కార్తీక మాసమే. 2022 మే నెలలో అసని తుపాను మచిలీపట్నం, నరసాపురం మధ్య తీరాన్ని తాకింది. అది వైశాఖం. ఈ రెండు తేదీలను ఒక కాగితం మీద రాసి అమ్మాయి తండ్రి ముందు పెట్టాను. కార్తీకంలో చేసిన పెండ్లిళ్లన్నీ తుపానులో కొట్టుకుపోతాయని నా అర్థం కాదు. ఫంక్షన్ హాల్లో అయితే వాన వచ్చినా పెండ్లి ఆగదు, ఇసుక మీద అయితే వాయుగుండం వార్త వచ్చిన రోజునే పని ఆగిపోతుంది. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, చివరకు మాఘానికి ఒప్పుకున్నారు.

తిథి విషయంలో పంచాంగానికీ సముద్రానికీ ఉన్న సంబంధాన్ని ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా వృత్తిలో ఉన్నవారు చాలామంది దీనిని పట్టించుకోరు. పోటుపాట్లు ప్రధానంగా చంద్రుడి వల్ల కలుగుతాయి, మన తిథులు కూడా చంద్రుడి లెక్కే. అమావాస్య, పున్నములకూ, వాటి తర్వాతి ఒకటి రెండు రోజులకూ పోటు ఎక్కువగా ఎక్కుతుంది. అష్టమి దాటిన వెంటనే, అంటే నవమి, దశమి ప్రాంతంలో, నీటి ఎత్తులో తేడా బాగా తగ్గుతుంది. అష్టమి, నవములకు పెండ్లి పెట్టరు గానీ దశమి మంచి తిథే. అందుకని తీరపు పెండ్లి అడిగినవారికి మొదట దశమి ముహూర్తం కోసం ప్రయత్నించమని ఇప్పుడు చెబుతున్నాను. ఈ పెండ్లికి దశమి కుదరలేదు. మాఘ శుద్ధ త్రయోదశి ఉదయం 10 గంటల 40 నిమిషాలకు జీలకర్ర బెల్లం అని పురోహితుడు ఖాయం చేశారు. త్రయోదశి అంటే పున్నమికి రెండు రోజుల ముందు, పోటు రోజురోజుకూ పెరుగుతున్న సమయం. పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, మరుసటి రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ మన తీరాలకు పోటుపాట్ల అంచనాలను, ఎత్తైన అలల హెచ్చరికలను ఇస్తుంది. సముద్రం లేని మన రాష్ట్రంలోనే ఆ కార్యాలయం ఉందని చెబితే పెండ్లివారు నమ్మలేదు. ఆ పట్టిక ప్రకారం ముహూర్త సమయానికి పోటు దాటిపోయి నీరు వెనక్కి తగ్గుతూ ఉంటుందని తేలింది.

నీటి గీత

అయినా పట్టికను మాత్రమే నమ్ముకోకూడదు. కుటుంబం కార్తీకంలో ఒకసారి వచ్చి, సాయంత్రం నీరు బాగా వెనక్కి తగ్గిన సమయంలో నీటికి పన్నెండు అడుగుల దూరంలో నిలబడి, మండపం ఇక్కడే అని ఒక కొబ్బరి మట్ట పాతి వెళ్లింది. నేను మాఘంలో మూడు రోజులు ముందుగా వెళ్లి, రాత్రి పోటుకు నీరు ఎక్కిన చోట వరుసగా కర్రలు పాతించాను. తెల్లవారి చూస్తే కొబ్బరి మట్ట పాతిన చోటికి ఎంతో పైగా ఎండిన నాచు, గవ్వలు ఒక గీతలా పేరుకుని ఉన్నాయి. అక్కడ వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన, "ఆ గీత కింద పందిరేస్తే పున్నమి పోటు ఊరుకోదండి," అన్నాడు. ఆ గీతకు ఇంకా నలభై అడుగుల పైన, సరుగుడు తోపుకు దగ్గరగా మండపం స్థలం మార్చాము. అమ్మాయి మొహం చిన్నబోయింది. ఫోటోల్లో సముద్రం చిన్నగా కనిపిస్తుందని ఆమె బాధ.

ఈ మార్పుకు చట్టపరమైన కారణం కూడా ఉంది. తీర ప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు, 2019 నాటి నోటిఫికేషన్‌తో సహా, పోటు గీత ఆధారంగానే ఏది ఎక్కడ కట్టవచ్చో నిర్ణయిస్తాయి. పైగా ఇసుక తీరం ప్రజలందరిదీ. రిసార్టు వారు "మా ముందున్న బీచ్" అంటారు గానీ, వారి ప్రహరీ దాటిన తర్వాత మరొకరిని అడ్డగించే హక్కు వారికీ లేదు, మనకూ లేదు. ఈ కారణాలన్నింటితో మండపాన్ని రిసార్టు స్థలం అంచులో వేశాము. స్థానిక పాలకులు, పోలీసు, అటవీ శాఖలకు రాతపూర్వకంగా తెలియజేశాము. డ్రోను ఫోటోలు వద్దని మొదటి రోజే చెప్పాను. సూర్యలంకలో వైమానిక దళ కేంద్రం ఉంది. అటువంటి చోట అనుమతి లేకుండా డ్రోను ఎగురవేయడం పెండ్లివారు పోలీసు స్టేషన్‌లో కూర్చునే దారి. ఫోటోగ్రాఫర్ రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ కాదన్నాను.

దిక్కు, గాలి, నిప్పు

ఈ పెండ్లిలో అత్యధిక సమయం తీసుకున్న చర్చ దిక్కు గురించి. వధూవరులు హోమం దగ్గర తూర్పు ముఖంగా కూర్చోవాలని పురోహితుడు చెప్పారు. పడమటి తీరంలో తూర్పుకు తిరిగి కూర్చుంటే సముద్రం వీపు వెనుక ఉంటుంది, ఫోటోల్లో కనిపించే దృశ్యం అదే. మన తీరంలో ఆ లెక్క తిరగబడుతుంది. సూర్యలంక వద్ద సముద్రం ఆగ్నేయంగా ఉంది కాబట్టి, తూర్పుకు తిరిగిన దంపతులు సముద్రాన్ని చూస్తారు, వారి వెనుక సరుగుడు తోపు ఉంటుంది, ఎదురుగా కూర్చున్న బంధువులు సముద్రానికి వీపు పెట్టి కూర్చుంటారు. అంటే సముద్రం చూడటానికి రెండు వందల ఇరవై కిలోమీటర్లు వచ్చినవారికి చెట్లు కనబడతాయి. అమ్మాయి దిక్కు మార్చమని అడిగింది. పురోహితుడు కుదరదన్నారు. నాయనమ్మ ఆయన పక్షం. చివరకు మండపాన్ని నాలుగు వైపులా తెరిచి, ఎదురు వరుసలు పూర్తిగా తీసివేసి, ఉత్తర దక్షిణాల్లో రెండు రెక్కలుగా కుర్చీలు వేశాము. రెండు వైపుల వారికీ దంపతులు, సముద్రం ఒకే చూపులో పడ్డాయి. సముద్రం వెనుక ఉండే ఫోటోలను సాయంత్రానికి మార్చుకున్నారు. నిజానికి ముహూర్త సమయంలో ఎండ ఆగ్నేయం నుండి సూటిగా కళ్లలో పడుతుంది కాబట్టి, ఆ వైపు పైకప్పును రెండు అడుగులు కిందికి దించవలసి వచ్చింది, ఆ సంగతి ముందు ఎవరూ ఊహించలేదు.

గాలికి ఒక రోజువారీ నడవడిక ఉంటుంది. ఎండ ఎక్కే కొద్దీ నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది, అందువల్ల పొద్దెక్కాక సముద్రం వైపు నుండి గాలి మొదలై మధ్యాహ్నానికి బలపడుతుంది, రాత్రికి ఆ దిశ మారుతుంది. ఉదయం ఏడు గంటలకు ప్రశాంతంగా ఉన్న తీరం ఒంటిగంటకు అలా ఉండదు. గాలి వేగం రెండింతలైతే పరదా మీద పడే ఒత్తిడి నాలుగింతలవుతుంది. నల్లగొండలో మేకులు కొట్టి తాళ్లు బిగించే షామియానా పద్ధతి వదులు ఇసుకలో పనికిరాదు, మేకు చేత్తో లాగినా ఊడి వస్తుంది. ఇసుక నింపిన గోతాలకు తాళ్లు కట్టి, వాటిని మూడడుగుల లోతు గుంతల్లో పూడ్చి, ఆ తాళ్లకే గుంజలను బిగించాము. మూసివున్న గుడ్డ గోడల స్థానంలో వల గుడ్డను, తాటాకు దడులను వాడాము. ముందు రోజు సాయంత్రం పరీక్షగా నిలబెట్టిన పూల తెర ఒకటి గాలికి పడిపోయింది. పూలవాళ్లు దానిని థర్మోకోల్ పలకకు అతికించి తెచ్చారు, అది తెరచాపలా పనిచేసింది. ఆ రాత్రే ఆ పలక తీసి, వెదురు చట్రానికి విడివిడి దండలు కట్టించాము.

హోమానికి ఇనుప గుండం, చుట్టూ ఇటుకలు, ఆగ్నేయాన నడుమెత్తు తాటాకు దడి, పక్కన నాలుగు బకెట్ల ఇసుక పెట్టాము. అఖండ దీపానికి గాజు చిమ్నీ పెట్టడానికి పురోహితుడు అభ్యంతరం చెప్పలేదు. జీలకర్ర బెల్లం, పుస్తె కట్టడం సమయానికి గాలి నెమ్మదిగానే ఉంది. పదకొండున్నర దాటాక లేచింది. సప్తపదికి వచ్చేసరికి పొగ దక్షిణపు రెక్క వదిలి ఉత్తరపు రెక్కలో ఉన్న వరుడి మేనత్తల మీదికి వెళ్లింది. నేను ముహూర్తాన్ని గంటన్నర ముందుకు అడగవలసింది. తొమ్మిది గంటల ప్రాంతంలో మరొక లగ్నం ఉందని పురోహితుడు అన్నప్పుడు, బంధువులు తయారు కాలేరని నేనే వద్దన్నాను. అది నా పొరపాటు.

ఇసుకకు ఏది, గదిలోకి ఏది

సముద్రపు ఒడ్డున పెండ్లి అన్నంత మాత్రాన పెండ్లి మొత్తాన్ని ఇసుక మీదికి తేనక్కరలేదు. "సముద్రం ఒడ్డుకు ఐరేని కుండలు ఎట్ల తీస్కపోతవ్ బిడ్డా?" అని నాయనమ్మ మొదటి రోజే నన్ను అడిగారు. ఆ ఒక్క ప్రశ్న నుండే మా ప్రణాళిక రెండు భాగాలుగా విడిపోయింది. మైలపోలు, పోచమ్మ మొక్కు నల్లగొండలో ఇంటి దగ్గరే ముగిశాయి. ఐరేని కుండలను కుమ్మరి ఇంటి నుండి తెచ్చి, గడ్డి పరిచిన చెక్క పెట్టెల్లో సర్ది, బస్సు వెనుక సీట్లలో ఇద్దరు మేనత్తల పర్యవేక్షణలో తీసుకువెళ్లాము, ఒక్క మూత మాత్రం పగిలింది. ఎదుర్కోళ్లు రిసార్టు ఆవరణలోని గట్టి నేల మీద జరిగాయి. ఇసుక మీదికి వచ్చినవి జీలకర్ర బెల్లం నుండి సప్తపది దాకా ఉన్న రెండు గంటల క్రతువు మాత్రమే. అప్పగింతలు మళ్లీ లోపలే జరిగాయి.

తీరానికి వచ్చినవారు నూట ఎనభై మంది. నల్లగొండలో ఇటువంటి ఇంటి పెండ్లికి పన్నెండు వందలకు తక్కువ రారు. పిలవనివారు నొచ్చుకుంటారనే భయం అమ్మాయి తండ్రికి చివరి వరకు ఉంది. అందువల్ల పత్రికలో తీరం ప్రస్తావన లేకుండా, మూడో రోజు నల్లగొండ ఫంక్షన్ హాల్లో జరిగే విందుకే అందరినీ పిలిచాము. తీరానికి రావలసినవారికి ఇంటికి వెళ్లి బొట్టు పెట్టి చెప్పారు. ఈ పద్ధతి బాగా పనిచేసింది, దావతులో మాంసం కూర పడిన తర్వాత ఎవరూ సముద్రం మాట ఎత్తలేదని విన్నాను.

ఇసుకలో కుర్చీ కాళ్లు దిగబడతాయి, ముసలివారు నడవలేరు. ఆవరణ నుండి మండపం దాకా ఆరడుగుల వెడల్పున ప్లైవుడ్ పలకలు పరిచి పైన జంపఖానాలు వేశాము. కుర్చీల కింద కూడా పలకలే. ఈ పలకల అద్దె, రవాణా, కూలి కలిపి పూల ఖర్చు కంటే ఎక్కువైంది. అమ్మాయి తండ్రి ఆ బిల్లు చూసి కారణం అడిగారు గానీ, నాయనమ్మ చక్రాల కుర్చీలో మండపం దాకా వెళ్లడం చూశాక మళ్లీ అడగలేదు. తలంబ్రాల కింద తెల్లని దుప్పటి పరిచాము, లేకపోతే బియ్యం ఇసుకలో కలిసిపోతుంది.

వంట విషయంలో దెబ్బ తిన్నాము. మా నల్లగొండ వంటవాళ్లను, సామాను సహా తీసుకువెళ్లాను. ముందు రోజు మధ్యాహ్నం కందిపప్పు గంటన్నర మరిగినా మెత్తబడలేదు. అక్కడి బోరు నీళ్లు ఉప్పగా, కఠినంగా ఉన్నాయి. ఫ్లోరైడ్ నీళ్లతో తరాలు గడిపిన నల్లగొండ మనుషులం, నీళ్లు రుచి చూడకుండా పొయ్యి వెలిగించడం సిగ్గుపడవలసిన సంగతే. సాయంత్రానికి బాపట్ల నుండి మంచినీళ్ల ట్యాంకరు తెప్పించాము. భోజనాలు మాత్రం మొదటి నుండి గదిలోనే పెట్టాలనుకున్నాము, ఇసుక ఎగిరి పడే చోట విస్తరి వేయకూడదు.

స్నానాల విషయంలో మేము కఠినంగా ఉన్నాము. మావాళ్లలో చాలామందికి చెరువు ఈత వచ్చు, కాలువ ఈత వచ్చు, లోపలికి లాగే అల తెలియదు. పెండ్లి రోజు సముద్రంలో దిగరాదని తీరానికి పిలిచినవారికి ముందే చీటీ ఇచ్చాము, మోకాలి లోతు దగ్గర తాడు కట్టాము, స్థానిక మత్స్యకారుల్లో ఇద్దరు గజ ఈతగాళ్లను ఉదయం నుండి చీకటి పడేదాకా కూలికి పెట్టాము. అయినా వరుడి స్నేహితులు పట్టుపంచెలతోనే దిగారు. ఈతగాడు ఈల వేసి వెనక్కి తెచ్చాడు. మందు సీసాలు రాష్ట్రం దాటించవద్దని ఇరువైపుల మేనమామలకు విడిగా చెప్పాను, సరిహద్దులో తనిఖీలో బస్సు ఆగితే ముహూర్తం కూడా అక్కడే ఆగుతుందని అంటే అర్థం చేసుకున్నారు.

చీకటి

మాఘం, ఫాల్గుణం ఆలివ్ రిడ్లే సముద్ర తాబేళ్లు ఈ తీరంలో గుడ్లు పెట్టే కాలం. రాత్రివేళ తల్లి తాబేలు ఒడ్డుకు వచ్చి గుంత తవ్వి గుడ్లు పెట్టి వెళుతుంది. సుమారు యాభై రోజులకు బయటికి వచ్చే పిల్లలు వెలుతురు ఎక్కువగా ఉన్న వైపు పాకుతాయి. మామూలుగా అది సముద్రపు అంచు, మనం ఫ్లడ్‌లైట్లు పెడితే అది పెండ్లి పందిరి అవుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఈ తాబేలుకు అత్యున్నత రక్షణ ఉంది. అందువల్ల సముద్రం వైపు ఒక్క దీపం కూడా పెట్టలేదు. బరాత్‌ను రాత్రి పదకొండు నుండి సాయంత్రం ఆరుకు మార్చి తొమ్మిదికల్లా ముగించాము. రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు లౌడ్ స్పీకర్లు వాడరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు ఎలాగూ చెబుతున్నాయి. డప్పు వాళ్లు మాత్రం, ఇంత తొందరగా ముగిసిన బరాత్ తమ జన్మలో చూడలేదన్నారు.

ఈ చీకటి వల్ల మేము అనుకోనిది ఒకటి జరిగింది. పగటి ముహూర్తాల్లో అరుంధతీ దర్శనం అంటే పురోహితుడు ఎండలో ఆకాశం వైపు వేలు చూపడం, దంపతులు కనబడిందని తలూపడం. ఇక్కడ కూడా అలాగే జరిగింది. మరునాడు తెల్లవారుజామున అయిదు గంటలకు, బస్సుల్లో సామాను ఎక్కిస్తున్నప్పుడు, చంద్రుడు పడమట దిగిపోయాడు, తీరంలో దీపాలు లేవు. పురోహితుడు దంపతులను బయటికి పిలిచి, ఉత్తరాన ఎత్తులో ఉన్న సప్తర్షి మండలంలో వశిష్ఠుని పక్కన ఆ చిన్న నక్షత్రాన్ని చూపించారు. వధువుకు వెంటనే దొరికింది. వరుడు కళ్లద్దాలు తెచ్చుకోవడానికి గదికి పరుగెత్తాడు.

ఇసుక శుభ్రం చేయడానికి ఆరుగురు కూలీలు అప్పటికే పని మొదలుపెట్టారు. పూడ్చిన గోతాలన్నీ తవ్వి తీయించి, మండపం ఉన్న చోటు ఇసుకను ఇండ్ల పనికి వాడే జల్లెడతో రెండుసార్లు జల్లించాము. పూలరేకులు, పిన్నులు, ప్లాస్టిక్ ముక్కలతో నాలుగు సంచులు నిండాయి. సప్తపది తర్వాత కనబడకుండా పోయిన వధువు మట్టె ఒకటి రెండోసారి జల్లించినప్పుడు దొరికింది. అప్పటికి బస్సులు పొన్నూరు దాటాయి. దానిని మూడో రోజు నల్లగొండ విందులో వాళ్ల అమ్మ చేతికి ఇచ్చాను.